టార్పన్‌కు ఎన్నో నంబరు రాడ్?

ఫ్లోరిడా పడమటి తీరంలో హోమోసాసా అనే చిన్న ఊరుంది. వేసవి మొదట్లో ఆ ఊరి ముందరి లోతు తక్కువ సముద్రంలోకి టార్పన్ అనే పెద్ద చేపలు గుంపులు గుంపులుగా వస్తాయి. 1982 మేలో బిల్లీ పేట్ అనే వేటగాడు అక్కడ ఫ్లై రాడ్‌తో 188 పౌండ్ల టార్పన్‌ను పట్టాడు. మన లెక్కలో 85 కిలోలు. ఆయనకూ చేపకూ మధ్య ఉన్న దారంలో అన్నిటికంటే సన్నని ముక్క 16 పౌండ్లకు, అంటే ఏడుంపావు కిలోల లాగుడుకు తెగిపోతుంది. చేప బరువు ఆ దారం బలానికి పదకొండు రెట్లకు పైమాటే. ఆ రికార్డు రెండు దశాబ్దాలు నిలిచింది. 2001లో అదే నీళ్లలో జేమ్స్ హాలండ్ 20 పౌండ్ల దారంతో 202 పౌండ్ల 8 ఔన్సుల టార్పన్‌ను పట్టాడు. ఫ్లై వేటలో 200 పౌండ్లు దాటి రికార్డుకెక్కిన మొదటి టార్పన్ అదే.

ఇందులో మాయేమీ లేదు. నీళ్లలో ఉన్నంతసేపు చేపకు దాదాపు బరువుండదు. దాని ఒంటి సాంద్రత నీటి సాంద్రతకు దగ్గరగా ఉంటుంది, మిగిలిన కాస్త తేడాను పొట్టలోని గాలితిత్తి సర్దేస్తుంది. వేటగాడు లాగేది 85 కిలోల మూటను కాదు. ఆ ఒంట్లోని కండబలంతో, కదిలే శరీరానికి ఉండే జడత్వంతో అతను తలపడతాడు.

దుకాణాల్లో కనిపించే పట్టికలు మాత్రం వేరే అభిప్రాయం కలిగిస్తాయి. బోన్‌ఫిష్‌కు 8వ నంబరు రాడ్, పర్మిట్‌కు 9 లేదా 10, టార్పన్‌కు 11 లేదా 12, జెయింట్ ట్రెవల్లీకి 12, సెయిల్‌ఫిష్‌కు 12 నుంచి 14. చూసినవాళ్లకు చేప పెరిగేకొద్దీ అంకె పెరుగుతున్నట్టు తోస్తుంది. అందులో సగం నిజముంది. రెండో సగం తెలియాలంటే ఆ అంకె అసలు దేన్ని కొలుస్తుందో చూడాలి.

మామూలు గాలంలో బరువంతా కొసన ఉంటుంది. సీసపు గుండో లోహపు ఎరో ముందు దూసుకుపోతే సన్నని దారం దాని వెంట సాగుతుంది. ఫ్లై ఫిషింగ్‌లో కొసన ఉండేది కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు, తళుకు పోగులు చుట్టి కట్టిన ఎర, అదే ఫ్లై. దానికి బరువు ఉండీ లేనట్టే. చేత్తో విసిరితే నాలుగడుగుల్లో పడిపోతుంది. అందుకని ఇక్కడ విసిరేది దారాన్ని. ప్లాస్టిక్ పూత వేసిన మందపాటి లైన్‌ను రాడ్‌తో వెనక్కీ ముందుకీ ఊపుతూ గాలిలో నిలబెట్టి, ఆఖరి ఊపులో వదులుతారు. లైన్ విచ్చుకుంటూ ముందుకు పోతే దాని చివర కట్టిన లీడర్ అనే సన్నని దారం, లీడర్ కొసన ఫ్లై కూడా వెళ్తాయి. లీడర్‌లో ఎక్కడైనా తెగాల్సి వస్తే ఇక్కడే తెగాలని పెట్టే సన్నని ముక్క టిప్పెట్. రాడ్ మీద అచ్చువేసిన 8, 10, 12 అంకెలు ఆ లైన్ బరువుకు సంబంధించినవి. చేప వాటి లెక్కలోనే లేదు.

కొలిచే తీరు సులువు. లైన్ ముందు భాగంలోని 30 అడుగులను తూస్తారు. తూకం గ్రెయిన్లలో ఉంటుంది, ఒక గ్రెయిన్ 0.0648 గ్రాములు. ఏటి ట్రౌట్‌కు వాడే 5వ నంబరు లైన్ 140 గ్రెయిన్లు. 8వ నంబరు 210, అంటే 13.6 గ్రాములు. 10వ నంబరు 280. పన్నెండు 380 గ్రెయిన్లు, అంటే 24.6 గ్రాములు. అమెరికాలోని వేట సామగ్రి తయారీదారుల సంఘం 1960ల మొదట్లో ఈ పద్ధతిని స్థిరపరిచింది. అంతకుముందు లైన్లన్నీ పట్టువి. వాటి మందాన్ని ఇంగ్లీషు అక్షరాలతో సూచించేవారు. పదార్థం ఒకటే గనుక మందం తెలిస్తే బరువు తెలిసినట్టే. నైలాన్, డాక్రాన్, ఆ తర్వాత పీవీసీ పూతల లైన్లు వచ్చాక అదే మందంలో వేర్వేరు బరువులు రావడం మొదలైంది. అక్షరాలు పనికిరాకుండా పోయాయి. తూకమే దిక్కయింది.

అయితే 8వ నంబరు కన్నా 11 గ్రాములు ఎక్కువున్న 12వ నంబరు లైన్ సముద్రం మీద ఏం ఒరగబెడుతుంది?

గాలి జోలికి పోకుండా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. విసిరిన లైన్ గాలిలో ఒక మెలికలా, పడుకోబెట్టిన యూ అక్షరంలా సాగుతుంది. కింది పాయ రాడ్ కొసకు అంటుకుని నిలిచి ఉంటుంది, పై పాయ ముందుకు పరిగెడుతుంది. మెలిక ముందుకు జరిగేకొద్దీ కదిలే పాయ పొట్టిదవుతుంది. ఉన్న శక్తి తక్కువ పొడవులోకి చేరడం వల్ల కొరడా కొసకు వచ్చినట్టే దానికి వేగం వస్తుంది. దీని యాంత్రికశాస్త్రాన్ని గ్రెయిగ్ స్పోలెక్ 1986లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో లెక్కగట్టి చూపాడు. ఆ వేగాన్ని మింగేసేది గాలి నిరోధం. లైన్‌లో ఒక్కో అడుగు బరువు దాని అడ్డుకొలత వర్గాన్ని బట్టి పెరుగుతుంది, గాలికి ఎదురయ్యే ఉపరితలం మాత్రం అడ్డుకొలతను బట్టే పెరుగుతుంది. 8 నుంచి 12కు వెళితే బరువు 1.8 రెట్లవుతుంది. పదార్థం సాంద్రత ఒకటే అనుకుంటే మందం పెరిగేది 1.35 రెట్లే. గాలి పట్టు మూడోవంతు పెరిగితే దాన్ని చీల్చుకుపోయే బరువు దాదాపు రెట్టింపైందన్నమాట. ఎదురుగాలి వీచే తీరంలో బరువైన లైన్ నిలదొక్కుకోవడానికి కారణం ఇదే.

రెండో భారం ఫ్లైది. బోన్‌ఫిష్ కోసం కట్టే రొయ్య ఫ్లై బొటనవేలంత కూడా ఉండదు. సీషెల్స్ దీవుల్లో జెయింట్ ట్రెవల్లీకి వేసే ఫ్లై జానెడు పొడవుంటుంది, కొక్కెం 6/0 సైజు. తడిసిందంటే ఇంకా బరువెక్కుతుంది, ఆ ఈకల గుబురు గాలిలో గొడుగులా అడ్డం పడుతుంది. 8వ నంబరు లైన్‌కు దాన్ని మోసుకుపోయే సత్తువ లేదు. విసరడం బాగా వచ్చినవాడు కూడా దాంతో ఆ ఫ్లైను ఎక్కువ దూరం పంపలేడు. కాబట్టి రాడ్ నంబరు ఎంచుకునేవాళ్లు మొదట అడగాల్సిన ప్రశ్న చేప ఎంత బరువన్నది కాదు. ఏ ఫ్లైను, ఎంత గాలిలో, ఎంత దూరం పంపాలన్నది. ఈ ప్రశ్నను రెండో స్థానానికి నెట్టినవాళ్లు ఖరీదైన రాడ్ కొనుక్కుని కూడా చేప ముందు ఫ్లైను పడేయలేక నిలబడిపోతారు.

బరువైన లైన్‌ను ఊపాలంటే గట్టి రాడ్ కావాలి. రాడ్ లోపల బోలుగా ఉండే సన్నని గొట్టం. గోడ మందం మారకపోతే గొట్టం వంగనని మొండికేసే గుణం అడ్డుకొలత ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అడ్డుకొలత రెట్టింపైతే బిరుసు ఎనిమిది రెట్లు. 12వ నంబరు రాడ్ పిడి దగ్గర లావుగా, చేతికి మొరటుగా తోచేది ఇందుకే. ఇక పదార్థం. ఒకప్పుడు మేలైన రాడ్లన్నీ దక్షిణ చైనా నుంచి వచ్చే టాంకిన్ వెదురును చీల్చి, ఆరు బద్దలు అతికించి చేసినవే. 1950లో అమెరికా చైనా సరుకుల మీద నిషేధం పెట్టడంతో ఆ వెదురు రావడం ఆగిపోయింది. అప్పటికే ఫైబర్‌గ్లాస్ రాడ్లు మార్కెట్లో ఉన్నాయి. 1960ల్లో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో బలమైన కార్బన్ పోగు తయారైంది, 1970ల మొదట్లో ఫెన్‌విక్ కంపెనీ దాంతో ఫ్లై రాడ్లను బజారుకు తెచ్చింది. మామూలు గాజు పోగు బిరుసు 70 గిగాపాస్కల్స్ పైచిలుకు, కార్బన్ పోగుది 230. పైగా కార్బన్ తేలిక. తొమ్మిదడుగుల 12వ నంబరు రాడ్‌ను పొద్దంతా ఒంటిచేత్తో ఊపడం మామూలు మనిషికి సాధ్యపడింది కార్బన్ వచ్చాకే.

ఇక్కడ కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన చిక్కొకటుంది. లైన్లకు ప్రమాణముంది గానీ రాడ్లకు లేదు. ఒక కంపెనీ 8 అని రాసిన రాడ్ ఇంకో కంపెనీ 9 కంటే బిరుసుగా ఉండొచ్చు. లైన్ల కంపెనీలు కూడా ఈమధ్య ప్రమాణాన్ని సడలించి, పెట్టె మీద 8 అని వేసి లోపల 9కి దగ్గరగా తూగే లైన్‌ను అమ్ముతున్నాయి. బిరుసు రాడ్ కూడా కొత్తవాళ్ల చేతిలో వంగాలని అలా చేస్తారు. ఈ గందరగోళానికి విలియం హానెమన్ ఒక తేలిక పరీక్ష కనిపెట్టాడు. రాడ్‌ను అడ్డంగా బిగించి, కొసకు చిన్న సంచి తగిలించి, కొస రాడ్ పొడవులో మూడోవంతు కిందికి వంగేదాకా సంచిలో అమెరికన్ సెంటు నాణేలు వేస్తూ పోతాడు. 1982 తర్వాత అచ్చయిన సెంటు తూకం రెండున్నర గ్రాములు. ఎన్ని నాణేలు పట్టాయో చూస్తే రాడ్ అసలు బిరుసు తెలిసిపోతుంది. సెంట్లు లేకపోతే మన రూపాయి బిళ్లలతోనైనా చేయొచ్చు, తూకం తెలిసి ఉంటే చాలు.

ఇంతవరకు విసరడం గురించి. ఫ్లైను చేప నోట కరుచుకున్న మరుక్షణం రాడ్ పని పూర్తిగా మారిపోతుంది. ఊపే సాధనం కాస్తా తులాదండం అవుతుంది, అదీ వేటగాడికి ఎదురు తిరిగిన తులాదండం.

తొమ్మిదడుగుల గడ కొసన నీళ్ల బకెట్ తగిలించి, రెండో కొసను పట్టుకుని ఎత్తి చూస్తే సంగతి బోధపడుతుంది. బకెట్ బరువు ఐదు కిలోలే అయినా మణికట్టు విరిగినంత పనవుతుంది. రాడ్‌తోనూ ఇంతే. ఉజ్జాయింపుగా లెక్కేద్దాం. రాడ్ నిటారుగా పట్టుకున్నప్పుడు వంగిన కొస నుంచి పొట్టకు ఆనించిన మొదలు దాకా అడ్డంగా ఒకటిన్నర మీటర్ల దూరముందనుకుందాం. పట్టుకున్న చెయ్యి మొదలు నుంచి 30 సెంటీమీటర్ల పైన ఉంది. చేప మీద మూడు కిలోల లాగుడు పడాలంటే చెయ్యి పదిహేను కిలోలు మోయాలి. ఇప్పుడు రాడ్‌ను పక్కకు దించి, పైభాగం లైన్ వెంట వాలిపోయేలా చేసి, పిడి దగ్గరి లావు భాగం మాత్రమే వంగేలా పట్టుకుంటే ఆ ఒకటిన్నర మీటర్లు అరవై సెంటీమీటర్లకు తగ్గుతాయి. అదే పదిహేను కిలోల చేతి బలం చేప మీద ఏడున్నర కిలోలవుతుంది. రాడ్ మారలేదు, మనిషి మారలేదు, లాగుడు రెండున్నర రెట్లయింది.

ఫ్లోరిడా కీస్ దీవుల్లో పేరుమోసిన గైడ్ స్టూ ఆప్టే టార్పన్ వేటగాళ్లకు నేర్పిన విద్య ఇదే: రాడ్‌ను నీటికి దగ్గరగా దించు, చేప తలను అది పోయే దిక్కుకు ఎదురుగా పక్కకు లాగు. చేప ఒళ్లు తల వెంట పోతుంది. తల తిప్పేస్తే తోక బలం దారి తప్పుతుంది. ఈ కిటుకు తెలియనివాడికి పెద్ద నంబరు రాడ్ ఇస్తే మేలు కంటే కీడే ఎక్కువ. ఎందుకంటే బిరుసు రాడ్ తక్కువ వంగుతుంది, తక్కువ వంగితే ఎదురు తులాదండం పొడవుగా మిగులుతుంది, భారమంతా నడుము మీద పడుతుంది. మెత్తని రాడ్ బాగా వంగి వేటగాడి మీద భారం తగ్గిస్తుంది గానీ చేపను పైకి లేపలేదు. లాగినంతా వంపులో కలిసిపోతుంది.

విశాఖ తీరంలో తెప్పల మీద చేతి గాలంతో కోనెం చేపలు పట్టే జాలరులకు ఈ తులాదండం బాధ లేదు. దారం నేరుగా చేతిలో ఉంటుంది కాబట్టి చేయి ఎంత లాగితే చేపకు అంతా చేరుతుంది. చేప ఒక్కసారిగా గుంజినప్పుడు ఆ కుదుపును తట్టుకోవాల్సింది దారం, అరచెయ్యి. అందుకే వాళ్లది లావు దారం. వంగే రాడ్ చేసే ఉపకారమల్లా ఆ కుదుపును స్ప్రింగులా మింగడం. ఏడు కిలోల టిప్పెట్‌తో 85 కిలోల చేపను పట్టగలిగింది ఈ ఉపకారం వల్లే.

రాడ్ ఎక్కడ విరుగుతుందో కూడా ఇదే లెక్క చెబుతుంది. చేపను పడవ పక్కకు తెచ్చాక తొందరపడి రాడ్‌ను నిటారుగా ఎత్తితే వంపంతా కొస దగ్గరి సన్నని భాగంలోకి చేరుతుంది. సన్నని గొట్టం బాగా వంగినప్పుడు దాని గుండ్రని అడ్డుకోత కోడిగుడ్డులా నొక్కుకుపోతుంది, ఒక హద్దు దాటగానే బిరుసు పోయి చటుక్కున మడత పడుతుంది. ఈ సంగతిని బ్రేజియర్ 1927లో గణితంతో నిరూపించాడు. రాడ్ బలహీనమైనదని తిట్టుకునే ముందు దాన్ని ఏ కోణంలో పట్టుకున్నారో చూసుకోవాలి.

టార్పన్ దగ్గరికి మళ్లీ వద్దాం. ఇంత బిరుసు రాడ్‌కు తగిన చేప ఏదైనా ఉందంటే ఇదే. కారణం దాని ఊపిరిలో ఉంది. టార్పన్ గాలితిత్తి గోడల్లో రక్తనాళాలు దట్టంగా అల్లుకుని ఉంటాయి. అది నీటిపైకి వచ్చి నోటితో గాలి మింగి, ఆ తిత్తితోనే ఆక్సిజన్ తీసుకోగలదు. ఆక్సిజన్ తక్కువగా ఉండే వెచ్చని మడుగుల్లో దాని పిల్లలు బతికి బట్టకట్టేది ఈ శక్తి వల్లే. మన తూర్పు తీరపు నదీముఖాల్లో, ఉప్పుటేరుల్లో ఉండే ఇండో-పసిఫిక్ టార్పన్ దీని చిన్న చుట్టం. అదీ గాలి పీలుస్తుంది, కానీ అట్లాంటిక్ టార్పన్‌తో పోలిస్తే బాగా చిన్నది, 7 లేదా 8వ నంబరు రాడ్ దానికి చాలు. గాలానికి చిక్కిన పెద్ద టార్పన్‌ను నెమ్మదిగా, తక్కువ లాగుడుతో ఆడిస్తూ కూర్చుంటే అది పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి మళ్లీ మొదటికి వస్తుంది. మనిషి అలిసిపోతాడు గానీ చేప అలిసిపోదు. అనుభవమున్న గైడ్లు టార్పన్ గుక్కకోసం పైకి లేస్తున్నప్పుడు రాడ్‌ను నీళ్లలోకి దించి తలను కిందికి లాగమనేది అందుకే. అంత లాగుడును దారం తెగకుండా అందించడానికి 11, 12 నంబర్ల రాడ్ల లావు పిడి పనికొస్తుంది.

అదే టార్పన్ గాలిలోకి ఎగిరిందంటే లెక్కంతా తలకిందులవుతుంది. నీళ్లలో లేని బరువు ఒక్కసారిగా వచ్చి పడుతుంది. బిగుసుకున్న టిప్పెట్ మీద యాభై కిలోల చేప పడితే తెగక తప్పదు. అందుకని చేప ఎగరగానే వేటగాడు ముందుకు వంగి రాడ్‌ను చేప వైపు చాచి లైన్ వదులు చేస్తాడు. ఏ నంబరు రాడైనా ఈ క్షణంలో చేయగల సాయమేమీ లేదు.

కొక్కెం దిగేటప్పుడు కూడా రాడ్ వంపు అడ్డమే. టార్పన్ నోరు లోపల ఎముకలా గట్టిది. ట్రౌట్ వేటలోలా రాడ్ ఎత్తితే ఆ ఊపును వంపు మింగేస్తుంది, కొక్కెం గీసుకుని జారిపోతుంది. రాడ్‌ను చేప వైపే గురిపెట్టి, ఎడమ చేత్తో లైన్‌ను గట్టిగా వెనక్కి లాగాలి.

అయినా కీస్‌లో చాలామంది నేర్పరులు ఇప్పుడు పన్నెండును పక్కనబెట్టి 11, కొన్నిసార్లు 10 పట్టుకుంటున్నారు. టార్పన్ ఫ్లై మరీ పెద్దది కాదు, మూడు నాలుగు అంగుళాలు. నిలువెత్తు నీళ్లలో ఈదే చేప ముందు మీటరు దూరంలో ఫ్లై మెత్తగా పడాలి. బరువైన లైన్ నీటిని కొట్టిన చప్పుడుకే గుంపు చెదురుతుంది. పడవ మీద గంటలకొద్దీ ఎదురుచూసి ఒక్క విసురుతో పని జరగాల్సిన చోట చేయి తేలికగా, గురి నిక్కచ్చిగా ఉండడం ముఖ్యం. ఈ మార్పు సబబుగానే ఉంది, కానీ ఒక షరతుతో: పదితో విసిరేవాడికి రాడ్‌ను దించి తల తిప్పే విద్య వచ్చి ఉండాలి. అది రానివాడు తేలిక రాడ్‌తో చేపను గంటసేపు ఈడ్చడం దానికి హింస.

జెయింట్ ట్రెవల్లీ కథ పూర్తిగా వేరు. ఆంధ్ర తీరంలో పార అని పిలిచే చేపల కుటుంబంలో ఇది పెద్దన్న. 2006లో జపాన్‌లోని తోకారా దీవుల దగ్గర పట్టినది 72.8 కిలోలు తూగింది. సీషెల్స్‌లోని ఫార్కర్ పగడపు దీవి దగ్గర ఇవి నీళ్లలోంచి ఎగిరి సముద్రపక్షులను నోట కరుచుకోవడాన్ని బీబీసీ వాళ్లు 2017 నాటి బ్లూ ప్లానెట్ 2 కోసం చిత్రీకరించారు. ఫ్లైను పట్టగానే ఇది పగడపు గుట్టల వైపు దూసుకుపోతుంది. గుట్ట అంచుకు చేరిందంటే కోసుకుపోని లైన్ లేదు. ఇక్కడ ఆపడమే పని, అదీ మొదటి పరుగులోనే.

దాంతో రాడ్ నుంచి ఫ్లై దాకా ఉన్న గొలుసులో బలహీనమైన లంకె చోటు మారుతుంది. రికార్డుల కోసం వేటాడేవాళ్లకు 1939లో ఏర్పడిన అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం నియమాలున్నాయి. ఫ్లై రికార్డులకు టిప్పెట్ బలం 20 పౌండ్లు మించకూడదు, చేప పళ్లకు తట్టుకునే లావు దారం కొసన 12 అంగుళాలకు మించి ఉండకూడదు. సీషెల్స్ వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఈ నియమాలను పట్టించుకోరు. వంద పౌండ్లకు పైబడిన లావు నైలాన్‌ను మొత్తం లీడర్‌గా కట్టేస్తారు. అప్పుడు ముందుగా తెగేది లీడర్ కాదు, ఫ్లై లైన్ లోపలి పోగు. మామూలు లైన్లలో అది 30 పౌండ్ల దగ్గర తెగుతుంది, అందుకే జెయింట్ ట్రెవల్లీ లైన్లను అంతకు రెట్టింపు బలమైన పోగుతో చేస్తున్నారు. పరుగు తీసేటప్పుడు రాడ్‌ను వంచరు. దాన్ని నేరుగా చేప వైపు చాచి, బిగించిన రీలు బ్రేకు మీదే భారమంతా వేస్తారు. రాడ్ వంతు చేప ఆగాక వస్తుంది. ఇక్కడ 12 అంకె తప్పనిసరి కావడానికి ఒక కారణం జానెడు ఫ్లై, రెండోది ఆ ఆగిన చేపను పగడం నుంచి ఎడంగా జరపాల్సిన పిడి బలం. చేప పది కిలోలదైనా రాడ్ తగ్గదు.

లోతు సముద్రంలో సెయిల్‌ఫిష్ దగ్గర విసరడమనే ప్రశ్నే దాదాపు మాయమవుతుంది. ఫ్లోరిడా వైద్యుడు వెబ్‌స్టర్ రాబిన్సన్ 1962లో పనామా తీరంలో ఫ్లైతో సెయిల్‌ఫిష్ పట్టి దీనికి దారి చూపాడు. పడవ వెనక కొక్కెం లేని ఎరను లాగుతూ చేపను రెచ్చగొట్టి దగ్గరికి రప్పిస్తారు. పది పన్నెండు మీటర్ల దూరానికి వచ్చాక ఎరను లాగేసి దాని చోట ఫ్లైను పడేస్తారు. రికార్డుకు ఎక్కాలంటే ఆ క్షణంలో పడవ ఇంజను గేరులో ఉండకూడదు. అంత దగ్గర విసురుకు లైన్ బరువుతో పెద్ద పనిలేదు. చేప లోతుకు దిగినప్పుడు నిట్టనిలువుగా పైకి లేపడానికే 13, 14 నంబర్లు. అలా వాడే రాడ్లు కొన్ని తొమ్మిదడుగులకన్నా పొట్టిగా ఉండడానికి కారణం పైన చెప్పిన తులాదండమే. మన విశాఖ జాలరులు కొమ్ముకోనెం అనే చేపల్లో సెయిల్‌ఫిష్, మార్లిన్ రెండూ ఉన్నాయి. వాటి కొమ్ము పోటు ఎంత ప్రమాదమో ఆ తీరానికి చెప్పనక్కర్లేదు, అక్కడ ప్రాణాలు పోయాయి కూడా.

లైన్ లావుకు ఇంకో మూల్యం ఉంది. చేప వంద మీటర్ల దూరం పోయి పక్కకు తిరిగినప్పుడు నీళ్లలోని లైన్ పెద్ద విల్లులా వంగి ఈడ్చుకుంటూ పోతుంది. నీరు గాలికన్నా 800 రెట్లు సాంద్రమైనది. రీలు బ్రేకు రెండు కిలోలకే పెట్టినా ఆ ఈడ్పు కలిసి టిప్పెట్‌ను తెంపేయొచ్చు. దూరపు పరుగులు తీసే చేపకు పెద్ద నంబరు లైన్ వేస్తే ఈ భారమూ పెరుగుతుంది. బోన్‌ఫిష్‌కు ఎనిమిదే మేలనే మాటకు ఇదొక ఆధారం.

బోన్‌ఫిష్ దగ్గర ఇంకో లెక్కా ఉంది, చేప ప్రాణం లెక్క. దీన్ని ఎక్కువమంది పట్టి వదిలేస్తారు. అలిసిపోయిన చేప తెల్లకండల్లో లాక్టేట్ పేరుకుంటుంది, అది ఒళ్లు నిలబెట్టుకోలేక పక్కకు ఒరుగుతుంది. బహామాస్‌లో ఆండీ డానిల్‌చుక్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధనలో, వదిలేటప్పటికి అలా నిలకడ కోల్పోయిన బోన్‌ఫిష్‌లు నిలకడగా ఉన్నవాటికన్నా ఆరు రెట్లు ఎక్కువగా సొరచేపల, బారకుడాల నోట పడ్డాయి. చేప చిన్నదని సరదాకు 5వ నంబరు రాడ్ పట్టుకుని పోరాటాన్ని సాగదీసేవాళ్లు ఈ అంకె చూడాలి. ఫ్లోరిడాలో 2013 నుంచి టార్పన్‌ను పట్టి వదలాల్సిందే. రికార్డు కోసం ప్రత్యేక ట్యాగ్ కొన్నవాళ్లకే మినహాయింపు. నలభై అంగుళాలు దాటినదాన్ని నీటిలోంచి పైకి తీయకూడదు. పెద్ద నంబరు రాడ్ పనిని త్వరగా ముగిస్తుంది, అదే దాని పక్షాన ఉన్న బలమైన వాదన.

మన దేశంలో ఈ వేటకు దగ్గరి చోటు అండమాన్. విశాఖ నుంచి ఓడ పోతుంది, దీవుల్లో తెలుగు మాట వినిపిస్తుంది, పగడపు గట్ల మీద జెయింట్ ట్రెవల్లీ తిరుగుతుంది. ఒక్క రాడే తీసుకెళ్లేవాళ్లకు 12 తప్ప వేరే సలహా లేదు. రెండోది మోయగలిగితే 9, నీలిరెక్కల ట్రెవల్లీలాంటి చిన్నవాటికి. రాడ్ కంటే ముందు లైన్ ఎంచుకోవాలి. చల్లని ఏటి నీళ్ల కోసం చేసిన మెత్తని లైన్ 28, 30 డిగ్రీల బంగాళాఖాతపు నీళ్లలో, డెక్ మీది ఎండలో నీరసించి, జిగురెక్కి, రాడ్ రింగుల్లో జారదు. ఉష్ణమండలం కోసం బిరుసు పోగుతో, గట్టి పూతతో చేసినవి వేరే ఉన్నాయి. వాటిని చల్లని కశ్మీర్ ట్రౌట్ ఏటికి పట్టుకెళితే స్ప్రింగుల్లా చుట్టుకుపోతాయి. లైన్ కొన్నాక దాని ముందు 30 అడుగులను చిన్న త్రాసులో తూచి, అంకె 380 గ్రెయిన్ల దగ్గర ఉందో 450 దగ్గర ఉందో చూసుకుని, దానికి తగ్గ రాడ్‌ను అప్పుడు వెతుక్కోవాలి.